అట్టకొండ: ఉదయగిరి దుర్గాన్ని కాగితం మీదా, అట్టల్లోనూ చదివిన మూడు నెలల డైరీ

సెప్టెంబర్ 7

కిందటి జనవరిలో పదో తరగతి పిల్లలు పద్దెనిమిది మందిని తీసుకుని నెల్లూరు జిల్లా ఉదయగిరి దుర్గం ఎక్కడానికి పోయాం. ఈ ప్రాజెక్టు పుట్టింది ఆ రోజే కాబట్టి దాంతోనే మొదలుపెడతాను. అందరూ ఎక్కే పాత దోవ ఒకటి ఉంది. దాన్ని వదిలేసి ఇంకో పక్కనుంచి పోదామని నేనే అన్నాను, ఎందుకంటే ఫోనులో కొండని వేలితో అటూ ఇటూ తిప్పి చూసే త్రీడీ మ్యాపులో ఆ పక్క వాలు మెత్తగా, కోట గోడ దాకా ఎక్కడా తెగకుండా కనిపించింది. గంటంబావు నడిచాక చరియ అడ్డొచ్చింది. నిలువు రాయి, మూడు తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత. నీళ్లు సగం అయిపోయాయి, ఎండ నెత్తి మీదికి వచ్చింది, ఒక పిల్ల కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. కిందికి దిగేసరికి మధ్యాహ్నం మూడయింది. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎత్తుపల్లాలని గీతలతో చూపించే సర్వే ఆఫ్ ఇండియా మ్యాపు, టోపోషీటు అంటారు, దాని ప్రింటు ఆ రోజంతా నా బ్యాగులోనే ఉంది. మడత కూడా విప్పలేదు. ఇంటికొచ్చి లైటు కింద పరిచి చూస్తే, మేం ఆగిపోయిన చోట కాంటూరు రేఖలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు, నాలుగు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉన్నాయి. ఆ షీటు స్కేలు 1:50,000, రేఖకీ రేఖకీ మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు. నాలుగు రేఖలు అతుక్కుపోయాయంటే నిలువుగోడ అని తొమ్మిదో తరగతి పిల్లలకి ఏటా బోర్డు మీద గీసి చెప్పేది నేనే. అయినా చేతిలో కదిలే బొమ్మ ఉన్నప్పుడు ఆ కాగితం గుర్తు రాలేదు.

అప్పట్నుంచి ఒకటే ప్రశ్న తొలుస్తోంది. మ్యాపు బల్లపరుపుగా ఉంటే మనిషి బాగా చదువుతాడా, ఎత్తుపల్లాలు కళ్లకు కట్టినట్టు ఉంటే బాగా చదువుతాడా? ఏ పనికి ఏది పనికొస్తుంది? పుస్తకంలో జవాబు చదివి ఊరుకోవడం కాదు, మన కొండతో, మన ఊరివాళ్లతో చేసి చూద్దామని పిల్లలతో అన్నాను. తొమ్మిది మంది వస్తామన్నారు.

సెప్టెంబర్ 14

ఈ వారమంతా డేటా పనే. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే స్పేస్ షటిల్ పదకొండు రోజుల పాటు భూమి చుట్టూ తిరిగి రాడార్‌తో నేల ఎత్తులు కొలిచింది, ఆ డేటా ఇప్పుడు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. దాదాపు 30 మీటర్ల గళ్లు, ఒక్కో గడికి ఒక్క ఎత్తు. అంటే మన బడి ఆవరణ మొత్తం రెండు మూడు గళ్లలో అయిపోతుంది. దాన్ని క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో వేసి 20 మీటర్లకో రేఖ చొప్పున కాంటూర్లు తీశాం. ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం, నాలుగు జీబీ ర్యామ్ ఉన్న నా పాత ల్యాప్‌టాప్ మీద కూడా మూలుగుతూనే అయినా నడిచింది.

స్కేలు 1:10,000 పెట్టుకున్నాం. నేల మీద వంద మీటర్లు మ్యాపు మీద ఒక సెంటీమీటరు, పిల్లలు నోటితో లెక్క వేసుకోవచ్చు. ఆరు కిలోమీటర్లు బై ఐదు కిలోమీటర్ల ముక్క తీసుకుంటే అరవై సెంటీమీటర్లు బై యాభై అయింది, డ్రాయింగ్ బల్ల మీద సరిగ్గా పడుతుంది. ఈ స్కేల్లో 20 మీటర్ల ఎత్తు అంటే 2 మిల్లీమీటర్లు. కాబట్టి రెండు మిల్లీమీటర్ల అట్టని ఒక్కో కాంటూరు ఆకారానికి కోసి పేర్చుకుంటూ పోతే ఎత్తు కూడా అదే స్కేల్లో వస్తుంది. బైండింగ్ అట్ట ధర అడిగి, ముప్పైకి పైగా పొరలకి లెక్క వేసుకుని, ముందు కిరాణా కొట్లలో పడేసే కార్టన్ పెట్టెలతో చేద్దామని తేల్చాం. కార్టన్ అట్ట మందం 4 మిల్లీమీటర్లు. అంటే కొండ రెట్టింపు నిటారుగా వస్తుంది. ఇది తప్పే, కానీ కావాలనే ఉంచాం. చాలా త్రీడీ మ్యాపుల్లో ఎత్తుని ఇట్లాగే సాగదీసి చూపిస్తారు, లేకపోతే కొండలు చప్పగా కనిపిస్తాయని. ఆ సాగదీత చూసేవాళ్లని ఏం చేస్తుందో కూడా తెలుసుకోవాలి కదా.

అక్టోబర్ 4

దసరా సెలవులు మొత్తం కోతకే సరిపోయాయి. కార్బన్ పేపర్ పెట్టి ఒక్కో రేఖని అట్ట మీదికి దించడం, కట్టర్‌తో కోయడం, ఫెవికాల్ రాసి అతికించడం. మొదటి ఆరు పొరలు తెల్లారేసరికి అప్పడాల్లా పైకి లేచాయి. జిగురు మొత్తం పూస్తే కాగితం తడి పీల్చి వంగిపోతుంది. తర్వాత అంచుల వెంబడి చుక్కలు చుక్కలుగా పెట్టి, పైన పలక వేసి, మా ఇంటి రుబ్బురోలు పొత్రం ఎక్కించి ఒక రాత్రి ఉంచాం. అప్పుడు కుదురుకుంది.

పదకొండో పొర దగ్గర జరిగింది రాయాలి. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె, క్లాసులో నోరు తెరవదు, కోసిన పొరని కింద పొర మీద ఆనించి చూస్తూ ఆగిపోయింది. రెండు అంచులూ ఒక చోట కచ్చితంగా కలిసిపోతున్నాయి. ఇంకో పక్క మూడు వేళ్ల ఎడం ఉంది. కలిసిన చోట బొటనవేలితో పైకీ కిందికీ రాసి, "సార్, ఈడ గోడ ఉంటాదా?" అంది. ఉంటుందన్నాను. "ఈ పక్క కయ్యలు చేసుకునేంత మెత్తగా ఉంటాదా?" అంది. అవునన్నాను. పక్కనున్న కాగితం మీద వంగి రేఖలు దగ్గరగా ఉన్న చోట్లన్నీ వేలితో వెతకడం మొదలుపెట్టింది. నేను పదహారేళ్లుగా చెబుతున్న పాఠం ఆ పిల్లకి అట్ట అంచు ఒక్క నిమిషంలో చెప్పింది.

ఈ రేఖల తొలినాళ్ల కథ ఒకటి ఆ సాయంత్రం చెప్పాను. 1774లో స్కాట్లాండ్‌లో షిహాలియన్ అనే కొండ దగ్గర, భూమి బరువు ఎంతో తేల్చడానికి కొలతలు మొదలుపెట్టారు. కొండ చుట్టూ వందలాది చోట్ల తీసిన ఎత్తులు కాగితం నిండా అంకెలై పడి ఉంటే, లెక్క కట్టే పని చార్లెస్ హటన్ అనే గణితజ్ఞుడి మీద పడింది. ఒకే ఎత్తున్న చుక్కల్ని గీతతో కలుపుకుంటూ పోతే కొండ ఆకారం దానంతటదే బయటపడింది. "అంటే అంకెలు చూసి చూసి విసుగొచ్చి గీశాడా సార్?" అని ఒకడు అడిగాడు. విసుగో కాదో గానీ, అంకెల్లో లేని ఆకారం గీతల్లో కనిపించిన మాట నిజం.

పిల్లలు దీనికి అట్టకొండ అని పేరు పెట్టారు.

అక్టోబర్ 12

మొదటి పరీక్ష పాడయింది. తప్పు నాదే. వచ్చినవాళ్లందరికీ ముందు కాగితం మ్యాపు, తర్వాత అట్టకొండ చూపించి అవే ప్రశ్నలు అడిగాను. రెండోసారి అందరూ బాగా చెప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. రాత్రి కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది, కొండ రెండోసారి చూస్తున్నారు కాబట్టి ఎట్లాగూ బాగా చెబుతారు, అందులో అట్టకొండ గొప్పతనం ఎంతో చెప్పలేం. ఆ కాగితాలన్నీ పక్కన పడేశాం.

ఈసారి కొత్త పద్ధతి. నాలుగు రకాల మ్యాపులు: కాంటూర్ల కాగితం, నీడలు వేసి కొండ ఉబ్బెత్తుగా కనిపించేట్టు చేసిన కాగితం, ట్యాబులో పక్కకి వాల్చి చూపించే త్రీడీ, అట్టకొండ. ఒక్కో మనిషికి వీటిలో రెండే. ఏది ముందు ఏది వెనక అన్నది చీటీ తీసి, రెండింటికీ వేరువేరు చోట్ల గురించి అడగడం. గుండుసూదులకి రంగు కాగితం కట్టి క, చ, ట, త, ప అని అయిదు చోట్లు పెట్టాం, మిగతా మ్యాపుల మీద అవే అక్షరాలు.

ప్రశ్నలు ఎట్లా ఉండాలన్నదానికి ఒక దారి ముందే ఉంది. 2001లో అమెరికాలో మార్క్ సెయింట్ జాన్, హార్వీ స్మాల్‌మన్, వాళ్ల తోటివాళ్లు చేసిన పరిశోధనలో తేలిందేంటంటే, వస్తువు ఆకారం అర్థం చేసుకోవడానికి త్రీడీ చూపు మేలు, ఒకదాన్ని బట్టి ఇంకొకటి ఎక్కడుందో కచ్చితంగా చెప్పడానికి బల్లపరుపు చూపు మేలు. నేల మీద కూడా వాళ్లు రెండు రకాల ప్రశ్నలు అడిగారు: ఈ చోటు నుంచి ఆ చోటు కనిపిస్తుందా, ఈ రెంటిలో ఏది ఎత్తు. నేను వాటికి మూడోది కలిపాను, ఇక్కణ్ణించి అక్కడికి ఎంత దూరం, ఏ దిక్కు. ప్రతి జవాబు తర్వాత నీకెంత నమ్మకం అని కూడా అడుగుతున్నాం. పిల్లలైతే పదికి ఎన్ని అని, పెద్దవాళ్లయితే పదహారణాల్లో ఎన్ని అణాలని. అణాల్లో అడిగితే పెద్దవాళ్లు చాలా జాగ్రత్తగా ఆలోచించి చెబుతున్నారు, "పన్నెండణాలు వేసుకో సార్" అని.

అక్టోబర్ 19

బడి వరండాలో సాయంత్రం నాలుగున్నర నుంచి. ఎవరెవరు వచ్చారో, ఏం చేశారో రాస్తాను. ఉన్నది కొద్దిమందే కాబట్టి శాతాలు కట్టి చెప్పడం నాకిష్టం లేదు. మనుషులు ఎట్లా చదివారన్నదే చెబుతాను.

చెక్క చెంచాలు చేసే అక్క వచ్చింది. ఉదయగిరి చెక్క చెంచాలూ గరిటెలూ తెలియనివాళ్లు ఈ పక్క లేరు, నార్ది లాంటి కర్రలు ఈ కొండల్లోనివే. ఆమెకి అట్టకొండ ముందు వచ్చింది. కళ్లతో చూసింది తక్కువ, చెంచా గుంటని నునుపు చేసేటప్పుడు తడిమినట్టు బొటనవేలిని వాలు వెంబడి పోనిచ్చి, చ నుంచి త కనిపించదు, మధ్యలో ఈ మూపు అడ్డమొస్తుంది అని చెప్పింది. స్టాప్‌వాచ్ పట్టుకున్న పిల్లోడు నొక్కేలోపలే చెప్పింది. సరైన జవాబు. అదే ప్రశ్న కాంటూర్ల కాగితం మీద వచ్చిన ఇంటర్ కుర్రాడు నాలుగు నిమిషాలు తంటాలు పడి తప్పు చెప్పాడు. కానీ అక్కనే ట, ప గుట్టల్లో ఏది ఎత్తు అని అడిగితే తనకి దగ్గరగా ఉన్న దాన్ని చూపించింది. తప్పు. పదహారణాల నమ్మకం అంది. కాగితం మీద ఆ ప్రశ్న ఎవరికొచ్చినా రేఖ మీద అంకె చదివి చెప్పేస్తున్నారు, అంకె చదవడం వస్తే చాలు.

బస్సు కండక్టర్‌కి ట్యాబు వచ్చింది. క నుంచి ప దాకా ఎంత దూరమంటే సగమే చెప్పాడు. ఆయన తప్పేమీ లేదు. త్రీడీ బొమ్మని నేల నుంచి ముప్పై డిగ్రీల కోణంలో వాల్చి చూస్తే, మన నుంచి దూరంగా పోయే గీత సగానికి కుదించుకుపోతుంది, అడ్డంగా పోయే గీత మాత్రం అట్లాగే ఉంటుంది. లెక్క తెలిసినవాళ్లకి సైన్ 30 అంటే చాలు. అదే మనిషికి తర్వాత కాగితం ఇస్తే పెన్ను మూతని స్కేలు గీత మీద ఆనించి, రెండు చోట్ల మధ్యా మూతలు మూతలుగా కొలిచి, వంద మీటర్లు అటూ ఇటూగా సరిగ్గా చెప్పాడు. కానీ నమ్మకం? ట్యాబుకి పద్నాలుగు అణాలు, కాగితానికి ఎనిమిది.

ఇదే నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది. ట్యాబు చూసినవాళ్లు తప్పు చెప్పినప్పుడు కూడా గట్టిగా నమ్మి చెబుతున్నారు. జనవరిలో నేను చేసింది అదే కదా. స్మాల్‌మన్, సెయింట్ జాన్ 2005లో దీని గురించే రాశారు: బొమ్మ నిజంలా ఉంటే పని కూడా బాగా సాగుతుందని మనుషులు అనుకుంటారు, సాగకపోయినా అదే బాగుందంటారు.

చివర్న సర్వే శాఖలో గొలుసు లాగే పని చేసి రిటైరైన తాత వచ్చాడు. ఏ మ్యాపు ఇచ్చినా ముందు ఒకటే మాట, "ఉత్తరం ఏ పక్క?" ఆ మాట విన్నాక నాకు వెలిగింది, అట్టకొండ దగ్గర అంతవరకూ ఎవ్వరూ ఆ ప్రశ్న అడగలేదు. బల్ల చుట్టూ తిరుగుతూ చూస్తారు, దిక్కు అడిగితే "కిటికీ వైపు", "గేటు వైపు" అంటారు. ఆ రాత్రే అట్టకొండ నాలుగు పక్కలా ఉ, ద, తూ, ప అని ఎర్ర రంగుతో రాయించాను. ఆ పని మొదటి రోజే చేయాల్సింది.

అక్టోబర్ 26

సరైన జవాబు ఏదో మనకెట్లా తెలుసు? కనిపిస్తుందా లేదా అన్నదాన్ని కంప్యూటర్ చెబుతుంది, కానీ అదీ ఆ 30 మీటర్ల గళ్ల మీద కట్టిన లెక్కే. కాబట్టి కొండెక్కి చూసొచ్చాం. ఈసారి పాత దోవలోనే, ముందే చెప్పాల్సినవాళ్లకి చెప్పి, ఇద్దరు పెద్దవాళ్లని తోడు తీసుకుని. ఒక జట్టు క దగ్గర, ఒక జట్టు త దగ్గర, చేతిలో అద్దాలు. ఎండని అద్దంతో అవతలి జట్టు మీదికి కొట్టాలి. మెరుపు కనిపిస్తే ఫోను చేయాలి. జార్జ్ ఎవరెస్ట్ అనే బ్రిటిష్ సర్వే అధికారి కాలంలో దేశాన్ని త్రిభుజాలుగా కొలిచినప్పుడు కూడా దూరపు కొండల మీద అద్దాల మెరుపునే గురి పెట్టుకునేవారని చెప్పాను, ఆ కొలత 1802లో మన మద్రాసు దగ్గరే లాంబ్టన్ మొదలుపెట్టాడని కూడా.

మూడు జతల చోట్ల కంప్యూటర్ మాటే నిజమైంది. నాలుగో దాంట్లో కనిపిస్తుందని కంప్యూటర్ అంది, మాకు కనిపించలేదు. అరగంట అద్దాలు తిప్పాక తెలిసింది, మధ్యలో కోట గోడ. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల చేతుల్లోంచి గెలుచుకున్న కోట గోడ, ఎత్తుల డేటాలో ఒక్క గడికి కూడా రాదు. జవాబుల పట్టికలో ఆ ప్రశ్న కొట్టేశాం. ఆ నాలుగో ప్రశ్నకి "కనిపించదు" అని చెప్పిన పదో తరగతి కుర్రాణ్ణి ఎట్లా చెప్పావురా అంటే, "మేం రెండేళ్ల కింద ఆడ కూచోని అన్నం తిన్నాం సార్, గోడ తప్ప ఏం కనపడదు" అన్నాడు. మ్యాపు చదవకుండా చెప్పాడు కాబట్టి లెక్కలోకి రాదు, కానీ ఇట్లాంటి జవాబులు ఎంతమంది ఇచ్చి ఉంటారో అని మళ్లీ కాగితాలన్నీ తిరగేసి, ఆ చోటుకి ముందే పోయినవాళ్ల పేర్ల పక్కన గుర్తు పెట్టాం.

నవంబర్ 9

వాయుగుండం. ఆరు రోజుల వాన. స్టోర్ రూములో నీళ్లు కారి అట్టకొండ తూర్పు మూల తడిసి ఉబ్బింది, మూడు పొరలు విడిపోయాయి. పిల్లలు ఏడుపు మొహాలు పెట్టారు. ఎండ వచ్చాక ఆరబెట్టి, పొరలు తీసేసి కొత్తవి కోశాం. బాగుపడింది.

నవంబర్ 16

నీడల కాగితం సంగతి. దీంట్లో వెలుతురు వాయవ్యం నుంచి పడుతున్నట్టు లెక్క కట్టి, అవతలి పక్క నీడ వేస్తారు, మ్యాపులు గీసేవాళ్ల అలవాటు అది. అచ్చం కొండలా ఉబ్బెత్తుగా కనిపిస్తుంది, మా నాలుగింటిలో అందరికీ మొదట నచ్చింది ఇదే. ఇవాళ ఇంటర్ అమ్మాయిలు ఇద్దరు బల్లకి ఎదురెదురుగా కూర్చుని ఒకే కాగితం చూశారు. ఇటు కూర్చున్నమ్మాయి దుర్గం కొండ అంది. అటు కూర్చున్నమ్మాయి "ఇది గుంట కదక్కా, చెరువులా లోపలికి ఉంది" అంది. ఇద్దరూ వాదులాడుకుంటుంటే లేచి అటు పోయి నేను చూశాను. నిజంగా గుంటే. వాగులన్నీ కొండ వరసల్లా పైకి లేచి ఉన్నాయి. మళ్లీ ఇటొస్తే కొండ.

వెలుతురు పైనుంచి వస్తుందని మన కన్ను నమ్ముతుంది. కాగితం తలకిందులుగా తిప్పితే వెలుతురు కింద నుంచి వచ్చినట్టవుతుంది, కన్ను తన నమ్మకం వదలదు, అందుకని కొండనే గుంట చేసేస్తుంది. ఉపగ్రహ చిత్రాల్లో కూడా మనకి ఇదే చిక్కు, ఏడాదిలో ఎక్కువ రోజులు సూర్యుడు మనకి దక్షిణం వైపే ఉంటాడు కాబట్టి, ఉత్తరం పైకి పెట్టిన బొమ్మలో నీడలు పైకే పడతాయి. అప్పుడు లోయ కొండలా, కొండ లోయలా కనిపించొచ్చు. అట్టకొండకి ఈ బాధ లేదు, ఏ పక్కనుంచి చూసినా, చీకట్లో తడిమినా అది కొండే. కాంటూరు కాగితానికీ లేదు, అంకె తిరగబడినా దాన్ని అంకెగానే చదువుతాం. మొదటి చూపుకి అందరినీ పట్టేసిన మ్యాపే అన్నిటికన్నా ఘోరంగా తప్పు చెప్పించింది, అదీ కాగితం తిప్పినంత మాత్రాన.

నవంబర్ 23

మేకల పెద్దాయన ఇవాళ్టికి దొరికాడు. మూడు వారాలుగా పిలుస్తున్నాం. కాంటూరు కాగితం ముందు పెడితే పక్కకి నెట్టేశాడు, "నాకు చదువు రాదు నాయనా" అని. బలవంతం చేయలేదు. అట్టకొండ దగ్గరికి తీసుకుపోయాం. చేతికర్ర గోడకి ఆనించి, నడుం వంచి, కన్ను అట్టల అంచు మట్టానికి తెచ్చి చూశాడు. కింద నుంచి చూసినట్టు, ఆయన రోజూ చూసే చూపు అది. మేమెవరం అట్లా వంగి చూడలేదు. పై నుంచి చూస్తూ వచ్చాం, దేవుడి చూపు.

రెండు నిమిషాలకి ఒక చోట వేలు పెట్టి, "ఈడ చరియ ఉండాల. యాడికి పోయింది?" అన్నాడు. అట్టల్లో అక్కడ మామూలు వాలే, మెట్లలాగా. టోపోషీటులో చూశాం, అక్కడా రెండు రేఖలు మామూలు ఎడంతో ఉన్నాయి. "మనిషి దిగలేడు, మేక దిగతాది. మూడు నిలువులో నాలుగు నిలువులో ఉంటాది" అన్నాడు. మూడు నాలుగు నిలువులంటే ఆరేడు మీటర్లు. అప్పుడు అర్థమైంది. రేఖకీ రేఖకీ 20 మీటర్లు. ఏడు మీటర్ల చరియ రెండు రేఖల మధ్య పడితే కాగితం మీద దానికి చోటే లేదు. 30 మీటర్ల గడిలోనూ లేదు, గడి మొత్తానికి ఒక్కటే ఎత్తు కదా, చరియ ఆ ఒక్క అంకెలో కరిగిపోతుంది. కాగితంలో లేనిది అట్టల్లోకి ఎట్లా వస్తుంది?

ఇక్కడే నాకు రెండింటి మధ్యా అసలు తేడా తెలిసింది. కాగితం మీద రెండు రేఖల మధ్య తెల్లగా ఖాళీ ఉంటుంది. అక్కడ ఏముందో నేను చెప్పడం లేదు అని ఆ ఖాళీయే చెబుతుంది. అట్టల మధ్య, తెర మీది త్రీడీలో ఖాళీ ఉండదు. తెలియని చోటు కూడా నున్నగా పూసేసి ఉంటుంది. జనవరిలో ఫోను చూపించిన మెత్తని వాలు అట్లా పూసిందే. బొమ్మ అబద్ధం చెప్పలేదు, తెలియనిదాన్ని తెలిసినదాని రంగుతోనే నింపింది, నేను ఆ రెంటినీ విడదీసి చూడలేదు.

పెద్దాయన చూపించిన చోట కట్టర్‌తో కోసి, నల్ల స్కెచ్‌తో గీత పెట్టాం. ఆయన ఇంకో రెండు చోట్లు చెప్పాడు, ఒక నీటి చెలమ కూడా. వాటిని కాంటూరు కాగితం మీదికి పెన్సిల్‌తో ఎక్కించింది ఆ తొమ్మిదో తరగతి పిల్లే, అట్టకొండ మీద పెద్దాయన వేలు ఎక్కడుందో చూసి, కింద ఎన్నో పొరో లెక్కబెట్టి, కాగితం మీద అదే రేఖ పట్టుకుని.

డిసెంబర్ 7

బైండింగ్ అట్టతో రెండో కొండ పూర్తయింది. 2 మిల్లీమీటర్లు, సాగదీత లేదు. రెంటినీ పక్కపక్కన పెడితే పిల్లలు కొత్తదాన్ని చూసి ఉసూరుమన్నారు, "ఇంతేనా సార్ మన దుర్గం" అని. 3079 అడుగుల కొండ అది, కింద నిలబడి తల ఎత్తితే మెడ పట్టేస్తుంది, అయినా నిజమైన కొలతల్లో పెడితే బల్ల మీద చప్పగానే ఉంటుంది. మన కళ్లు కొండని కింద నుంచి చూసి గుర్తుపెట్టుకుంటాయి.

కొత్తవాళ్లని పిలిచి పైకి ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో చెప్పమన్నాం. పాత అట్టకొండ చూసినవాళ్లు సగం రోజు అన్నారు, కొందరైతే తాడు కావాలన్నారు. కొత్తది చూసినవాళ్లు గంటలో ఎక్కేస్తామన్నారు. రెండూ తప్పే. ఈ పనికి కాంటూరు కాగితానికి సాటి లేదు. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన చెప్పిన లెక్క ఇప్పటికీ కొండలెక్కేవాళ్లు వాడతారు: నడకకి ఐదు కిలోమీటర్లకి గంట, దానికి తోడు 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. మా కాగితం మీద 600 మీటర్లంటే ముప్పై రేఖలు. దోవ వెంబడి రేఖలు లెక్కబెట్టి, ముప్పైకో గంట వేసుకోవడమే. మన ఎండకీ, రాళ్ల దోవకీ, పిల్లల నడకకీ ఇంకొంచెం కలుపుకోవాలి. అక్టోబర్‌లో మేం ఎక్కినప్పుడు రాసుకున్న సమయం ఈ లెక్కకి దగ్గరగానే ఉంది, అద్దాల దగ్గర ఆగిన సేపు తీసేస్తే.

ఇంకో పరీక్ష కూడా పెట్టాను, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. అట్టలు కోసిన తొమ్మిది మందికీ, వాళ్ల క్లాసులోనే కోయని తొమ్మిది మందికీ వేరే కొండ కాంటూరు కాగితం ఇచ్చాను, పెంచలకోన పక్క వెలిగొండల ముక్క. ఎవరూ ముందు చూడనిది, అట్టల్లో చేయనిది. నిలువు చరియలు ఎక్కడున్నాయో రంగు వేయమన్నాను, కింది గుడి దగ్గర్నుంచి పైకి ఒక దోవ గీయమన్నాను. కోయనివాళ్లు చాలామంది తిన్నగా గీత గీసేశారు, దగ్గరి దోవ కదా అని. కోసినవాళ్లలో ఎక్కువమంది గీతలు మెలికలు తిరిగాయి, రేఖలు దగ్గరయ్యేచోట పక్కకి జరిగి, ఎడం ఉన్నచోట ఎక్కాయి. ఒకడు గీసేటప్పుడు ఎడమ చేత్తో గాల్లో పొరలు పేరుస్తున్నట్టు అరచెయ్యి మీద అరచెయ్యి పెట్టుకుంటున్నాడు. ఈ పిల్లలు ముందే తెలివైనవాళ్లు కావచ్చు, వాళ్లంతట వాళ్లే వచ్చి చేరారు కాబట్టి. అందుకని వచ్చే ఏడాది చీటీలు తీసి జట్లు చేస్తాను, అప్పుడు గట్టిగా చెప్పగలుగుతాను.

డిసెంబర్ 14

హెడ్‌మాస్టర్ గారు అట్టకొండని ఆఫీసు రూములో అద్దాల బీరువాలో పెడదామన్నారు. వద్దని అడుక్కున్నాను. తొమ్మిదో తరగతి గదిలో, కింద, పిల్లల నడుం ఎత్తులో బల్ల మీద ఉంటుంది, ఎవరైనా తడమొచ్చు, పాడైతే మళ్లీ కోసుకుంటాం. పైన గోడకి కాంటూరు కాగితం, రెండింటిలో ఉత్తరం ఒకే పక్క ఉండేట్టు. పెద్దాయన చెప్పిన మూడు చరియలూ చెలమా కాగితం మీద ఎర్ర ఇంకుతో పడ్డాయి.

ఆదివారం మళ్లీ ఎక్కుతున్నాం. ఆ ఏడు మీటర్ల చరియ అంచు ఎక్కణ్ణించి ఎక్కడిదాకా ఉందో కొలవాలి. యాభై మీటర్ల టేపు ఒకటి తెచ్చాను, పెద్దాయన మేకల్ని కొడుక్కి అప్పజెప్పి వస్తానన్నాడు. కాగితం మ్యాపు ఈసారి బ్యాగులో కాదు, ఆ తొమ్మిదో తరగతి పిల్ల చేతిలో ఉంటుంది.